గ్రంథపాలకునికి తోడెవరు?

కొండవీటి దుర్గాన్ని పాలించిన రెడ్డిరాజులలో కుమారగిరిరెడ్డి నాట్యశాస్త్రంపై ‘వసంతరాజీయం’ అనే సంస్కృత గ్రంథాన్ని రచించాడు. ఆ గ్రంథం నేడు లభించడం లేదు. ఆయన బావ, మంత్రి అయిన కాటయవేముడు కాళిదాసు నాటకాలకు వ్యాఖ్యానం వ్రాస్తూ దానినుంచి కొన్ని భాగాలను ఉదాహరించాడు. అట్టి ముక్కలవల్లనే అలాంటి గ్రంథం ఒకటి ఉండేదని తెలుస్తున్నది. కాటయవేముని వ్యాఖ్య మాత్రం నిలిచింది. కుమారగిరి తరువాత రాజ్యానికి వచ్చిన పెదకోమటి వేమారెడ్డి అమరుశతకానికి వ్రాసిన ‘శృంగారదీపిక’ కూడా నిలిచింది. ఆయన ఆస్థానంలో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుని రచనలలోనూ ఇదే తేడా కనిపిస్తుంది. శృంగారనైషధం ఈనాటికీ చదువుతున్నాము. మరుత్తరాట్చరిత్రకు పేరు తప్ప మరేమీ మిగలలేదు.

మిగిలినవి గొప్పవి, పోయినవి కొద్దిపాటివి అని దీని అర్థం కాదు. మన ఎండలకు, వానలకు, పురుగులకు తట్టుకొని తాటాకు కొన్ని వందల ఏళ్ళకు మించి ఉండదు. ఈలోగా ఎవరో ఒకరు దానికి మరొక ప్రతి వ్రాసుకోవాలి. నలుగురు పండితుల ఇళ్ళలో నాలుగు ప్రతులున్న గ్రంథం ఒక ఇల్లు కాలినా బ్రతుకుతుంది. ఒకేచోట ఉన్న ఒకే ప్రతి ఎంత బలమైన కోటలో ఉన్నా దానికి అపాయం తప్పదు. కొండవీటి కోటను 1515లో కృష్ణదేవరాయలు పట్టుకున్నాడు. తరువాత అది గోలకొండ సుల్తానులకు, ఆపైన ఫ్రెంచివారికి, ఇంగ్లీషువారికి చేతులు మారింది.

పుస్తకం సంగతి ఇది. ఆ పుస్తకాన్ని చూచుకొనే మనిషి సంగతి ఏమిటి? ఆయన నేర్చిన పని ఆయన ఒక్కనిలోనే ఉంటే, బదిలీ అయిననాడో, ఉద్యోగ విరమణనాడో అదికూడా ఆయనతోనే పోతుంది. గ్రంథాలయాలను గురించి మాట్లాడేటప్పుడు భవనాన్ని, పుస్తకాల లెక్కను తలుస్తాము గాని, అక్కడ పనిచేసేవారికి ఒకరితో ఒకరికి ఉండవలసిన సంబంధాన్ని తలచడం అరుదు. ఆంధ్రదేశంలో వంద సంవత్సరాలకు పూర్వమే కొందరు దీనిని గుర్తించి, దానికొక ఏర్పాటు చేశారు.

బీరువా తాళంచెవి

పల్నాడు జిల్లాలో కొండవీటి సమీపాన ఒక ఉన్నత పాఠశాలను ఊహించుకోండి. అక్కడ గ్రంథాలయమంటే ఉపాధ్యాయుల గదిలో గోడవారగా ఉన్న రెండు బీరువాలు. తాళంచెవి తెలుగు మాస్టారి వద్దనో, సాంఘికశాస్త్రం టీచరు వద్దనో ఉంటుంది. ఆయన రోజుకు అయిదారు పీరియడ్లు పాఠం చెప్పి, మిగిలిన వేళలో పుస్తకాలు ఇచ్చిపుచ్చుకోవాలి. పుస్తకం పోతే తాను జవాబు చెప్పుకోవాలన్న బెంగ ఒకటి. చెదలు పడితే ఏమి చేయాలో తెలియదు. పుస్తకాలను ఏ వరుసలో పెట్టాలో చెప్పినవారు లేరు. ఇన్ని చిక్కుల మధ్య బీరువాకు తాళం వేసి ఉంచడమే క్షేమమని ఆయనకు తోస్తే అది ఆయన సోమరితనం అనడం న్యాయం కాదు.

తొమ్మిదవ తరగతి విద్యార్థిని ఒకతె కొండవీడు చూచివచ్చి ఆయనను ఇలా అడిగిందనుకుందాం: “మాస్టారండీ! కొండమీద ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు ఉన్నవి గదా! అంత ఎత్తున నీళ్ళు కిందికి ఇంకిపోకుండా ఎలా నిలుస్తున్నవి?” చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు ఒకే పుస్తకంలో ఉండదు. రాయి లక్షణాన్ని భూవిజ్ఞానం చెప్పాలి. కట్ట, తూము, అలుగుల సంగతి జలశాస్త్రం, ఇంజనీరింగు చెప్పాలి. వాటిని కట్టించిన కాలాన్ని గురించి చరిత్ర చెప్పాలి. మాస్టారి బీరువాలో ఈ మూడూ లేవు. ఎక్కడ ఉన్నవో కనుక్కునే దారి ఆయనకు తెలియదు. “అది పరీక్షకు రాదులేమ్మా” అంటాడు. ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. ఆ బాలిక ఇక రెండవ ప్రశ్న అడుగుతుందని నమ్మకం లేదు.

ఒంటరితనంవల్ల కలిగే నష్టం ఇటువంటిది. ఏ రిజిస్టరులోనూ ఇది నమోదు కాదు.

రంగనాథన్‌కు కలిగిన విసుగు

ఈ ఒంటరితనం పల్లెటూరి ఉపాధ్యాయునికే పరిమితం కాదు. భారతదేశంలో గ్రంథాలయశాస్త్రానికి ఆద్యుడని చెప్పదగిన షియాలి రామామృత రంగనాథన్ అంతటివాడు కూడా దీనికి లోబడ్డాడు. ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో గణితం బోధించేవాడు. 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడుగా చేరాడు. నిండు తరగతిలో పాఠం చెప్పడం అలవాటైన మనిషికి, పుస్తకాల అరల మధ్య పలకరించేవారు లేక పొద్దుపోలేదు. కొద్దిరోజులకే కళాశాలకు పోయి, తనను మళ్ళీ అధ్యాపకునిగా తీసుకొమ్మని బ్రతిమాలుకున్నాడు. ముందు ఇంగ్లండు వెళ్ళి శిక్షణ పొందిరమ్మనీ, అప్పటికీ మనసు మారకపోతే తిరిగి చేరవచ్చుననీ పెద్దలు చెప్పారు.

ఆయన లండనులోని యూనివర్సిటీ కాలేజీలో చదివాడు. క్రాయ్‌డన్ నగర గ్రంథపాలకుడైన బెర్విక్ సేయర్స్ ఆయనకు గురువు. చదువుతోపాటు ఆ దేశంలో వందకు పైగా గ్రంథాలయాలను స్వయంగా తిరిగి చూశాడు. ఒకచోట పుస్తకాలు చక్కగా అందుతున్నవి, మరొకచోట అవే పుస్తకాలు మూలపడి ఉన్నవి. ఈ తేడా ఎందుకు వచ్చిందో అక్కడ పనిచేసేవారితో మాట్లాడి తెలుసుకున్నాడు. లండనులోని ఒక పెద్ద దుకాణంలో పిల్లలు ఆడుకునే మెకానో బొమ్మల సామానును చూచినపుడు, కొద్దిరకాల ముక్కలను బిగించి ఎన్ని యంత్రాలనైనా చేయవచ్చునని గ్రహించి, ఆ పద్ధతిలోనే విషయాలను వర్గీకరించవచ్చునని ఆయనకు తట్టింది. 1933లో వెలువడిన ద్విబిందు వర్గీకరణకు అది బీజం.

1925లో మద్రాసుకు తిరిగివచ్చిన తరువాత ఆయన గణితపాఠం ఊసే ఎత్తలేదు. 1928లో మద్రాసు గ్రంథాలయ సంఘం ఏర్పడటంలో ఆయనే ముఖ్యుడు. 1931లో గ్రంథాలయశాస్త్ర పంచసూత్రాలను ప్రకటించాడు. చేరిన వారంలో పారిపోదలచినవాడు జీవితమంతా ఆ వృత్తిలోనే ఉండిపోవడానికి కారణాలు చాలా ఉండవచ్చును. ఆ వంద గ్రంథాలయాలలో తన పనిని అర్థం చేసుకొనే మనుషులు కనిపించడం వానిలో చిన్నది కాదు.

బెజవాడ మహాసభ

రంగనాథన్ ఈ వృత్తిలోకి రావడానికి పది సంవత్సరాల ముందే ఆంధ్రులు ఆ పని మొదలుపెట్టారు. ఇతర దేశాలలో అప్పటికే కొన్ని సంఘాలున్నవి. అమెరికా గ్రంథాలయ సంఘం 1876లో ఫిలడెల్ఫియాలో ఏర్పడింది. మరుసటి సంవత్సరం బ్రిటనులోనూ ఒకటి వెలసింది. మనదేశంలో బరోడా సంస్థానాధిపతి శాయాజీరావు గాయక్వాడు 1910లో బోర్డెన్ అనే అమెరికా గ్రంథపాలకుని పిలిపించి గ్రంథాలయాలు నెలకొల్పించాడు. 1912లో అక్కడి ఉద్యోగులు ఒక సంఘంగా కూడి పత్రిక కూడా నడిపారు. ఇక్కడ ఒక భేదం గుర్తించాలి. బరోడాలో రాజు ఇచ్చిన జీతం ఉన్నది, రాజు కట్టించిన భవనం ఉన్నది. ఆంధ్రదేశంలో రెండూ లేవు.

ఇక్కడ 1886లో విశాఖపట్నంలో మంటెన ఆదినారాయణమూర్తి ఒక పౌరగ్రంథాలయాన్ని స్థాపించాడు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఏర్పడింది. బెజవాడలో రామమోహన గ్రంథాలయం వెలసింది. పల్లెలలో కూడా చావడిలోనో, గుడి మండపంలోనో, ఒక దాత వసారాలోనో చిన్న చిన్న పుస్తక భాండాగారాలు పుట్టసాగినవి. వాటిని నడిపేవారు ఊరి యువకులు, బడిపంతుళ్ళు. ఉత్సాహం ఎంత ఉన్నా చందాలు వసూలు చేయడం మొదలు చినిగిన పుస్తకానికి అట్ట వేయడం వరకు ప్రతి పనిని ఎవరికివారు తడుముకుంటూ నేర్చుకోవలసిందే. ఒక యువకుడు చదువుకో, ఉద్యోగానికో ఊరు విడిచి పోతే ఆ గ్రంథాలయం మూతపడవచ్చును.

ఈ స్థితిని చూచి, వీరందరినీ ఒకచోట చేర్చాలని పూనుకున్నవాడు అయ్యంకి వెంకటరమణయ్య. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించాడు. చూపు మందగించి, ఇతరులు చదివి వినిపిస్తే వినవలసివచ్చిన కవి గ్రంథాలయ సభకు అధ్యక్షుడు కావడం విశేషమే. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఆ సభలో పుట్టింది. ఒక భాషాప్రాంతానికంతటికీ చెందిన ఇట్టి సంఘాలలో భారతదేశంలో ఇదే మొదటిదని చెబుతారు.

సంఘం చేసిన పనులలో ఉపన్యాసాలకంటే ముఖ్యమైనవి మూడు. కొద్దికాలానికే ‘గ్రంథాలయ సర్వస్వము’ అనే పత్రిక వెలువడింది. ఎక్కడో ఒక ఊరి గ్రంథాలయంలో చేసిన ఏర్పాటు మరొక ఊరివారికి తెలుగులోనే, తమ స్థితిగతులకు తగినట్లుగా చదువుకొనే వీలు దీనివల్ల కలిగింది. రెండవది గ్రంథాలయ యాత్ర. తీర్థయాత్రకు పోయినట్లు కార్యకర్తలు గుంపుగా బయలుదేరి ఊరూరా గ్రంథాలయాలను దర్శించేవారు. ఉన్నవాటిని చూచి సలహా చెప్పడం, లేనిచోట కొత్తది పెట్టించడం వారి పని. పైనుంచి వచ్చే తనిఖీకి, తనవంటి పని చేసేవాడు వచ్చి పక్కన కూర్చుండి చూడటానికి చాలా తేడా ఉన్నది. తనిఖీకి వచ్చినవారి ముందు లోపాలు దాచుకుంటాము. సాటివాడు వస్తే వాటినే ముందు చూపిస్తాము. మూడవది శిక్షణ. 1920లో బెజవాడలో గ్రంథాలయ కార్యకర్తలకు తరగతులు నడిపారు. ఆంధ్రదేశంలో విశ్వవిద్యాలయం ఈ శాస్త్రాన్ని బోధించడం ఆ తరువాతి మాట. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1935లో ఆ పని చేపట్టింది.

ఈలోగా అయ్యంకి దేశమంతటికీ ఇట్టి సంబంధం ఉండాలని సంకల్పించాడు. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిలభారత పౌరగ్రంథాలయ మహాసభ జరిగింది. ఇప్పుడు ఏటా గ్రంథాలయ వారోత్సవాలు నవంబరు 14న ప్రారంభం కావడానికి ఆనాటి సభ కారణం. పిల్లల పండుగ కూడా అదే తేదీన రావడంవల్ల ఈ సంగతి చాలామందికి తెలియదు.

కాలువలో పడవ, దారిలో బండి

గ్రంథాలయానికి రాలేనివారి వద్దకు గ్రంథాలయమే పోవాలన్న ఆలోచన ఈ కార్యకర్తలలో కొందరిని ఆకర్షించింది. గుంటూరు జిల్లా పెదపాలెం వాస్తవ్యుడు పాతూరి నాగభూషణం 1935లో కృష్ణా డెల్టా కాలువమీద పడవ గ్రంథాలయాన్ని నడిపాడు. ఆ రోజులలో డెల్టా గ్రామాలకు పడవ ప్రయాణమే బస్సు ప్రయాణం. గంటల తరబడి కదలక కూర్చునే ప్రయాణీకునికంటే తీరిక గల పాఠకుడు ఎక్కడ దొరుకుతాడు? దీనికి నాలుగు సంవత్సరాల ముందు, 1931లో, తంజావూరు సీమలోని మన్నార్‌గుడిలో ఎడ్లబండిమీద పుస్తకాలు పెట్టుకొని గ్రామాలకు పోయే సంచార గ్రంథాలయాన్ని రంగనాథన్ ప్రారంభించాడు.

పల్నాటి మెట్టప్రాంతానికి పడవ పనికిరాదు. నాగార్జునసాగరం నీరు 1967లోగాని ఈ వైపు రాలేదు. ఇక్కడ పుస్తకాల సంచి ఎవరో మోయవలసిందే. ఒకచోట ఫలించిన ఏర్పాటు మరొకచోట నకలు చేస్తే ఫలించదు. కాని పడవ నడిపినవాడు, బండి నడిపినవాడు ఒకచోట కూర్చుంటే, సంచి మోయబోయేవానికి తెలుసుకోదగినవి ఎన్నో ఉంటవి. వారానికి ఒకసారి పోవాలా, నెలకు ఒకసారి చాలునా? తిరిగిరాని పుస్తకాల సంగతి ఏమిటి? ఏ పుస్తకాలు ముందు అడుగుతారు? ఇట్టివి అచ్చుపుస్తకాలలో కనబడటం తక్కువ.

1918లో నేతపనివారి ఊరైన వేటపాలెంలో స్థాపితమైన సారస్వత నికేతనం కూడా ఆ ఉద్యమపు పంటే. గాంధీ మహాత్ముడు 1929లో దానికి వచ్చాడు. పాత తెలుగు పత్రికల సంపుటాలకోసం పరిశోధకులు దూరప్రాంతాలనుంచి అక్కడికి వస్తుంటారు. ఒక పల్లెటూరు కాపాడిన సామగ్రి పెద్ద నగరాల పరిశోధకులకు ఆధారమైంది. ఎవరు ఎవరికి సహాయపడతారో ముందుగా చెప్పలేమని దీనివల్ల తెలుస్తుంది.

సంఖ్యల భాష

ఇద్దరు గ్రంథపాలకులు ఒకరికొకరు ఉపయోగపడాలంటే ఒకే వస్తువును ఒకే పేరుతో పిలవాలి. వర్గీకరణ చేసే పని ఇదే. అమెరికాలో మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ పద్ధతి అన్నిటికంటే ఎక్కువ వాడుకలో ఉన్నది. విజ్ఞానమంతటినీ పది భాగాలు చేసి, ప్రతి భాగాన్ని మళ్ళీ పదిగా విభజిస్తూ పోవడమే ఇందులోని కిటుకు. 500 ప్రకృతి శాస్త్రాలు. 510 గణితం, 520 ఖగోళం, 530 భౌతికం, 540 రసాయనం, 580 మొక్కలు, 590 జంతువులు.

ఇప్పుడు మన విద్యార్థిని ప్రశ్నను ఈ భాషలోకి మార్చి చూడండి. రాయి, నేల, వర్షపు నీరు 551లో చేరుతవి. చెరువుకట్టల నిర్మాణం 627లో. రెడ్డిరాజుల చరిత్ర భారతదేశ చరిత్రయైన 954లో. మాస్టారు “కొండమీది చెరువుల పుస్తకం ఉన్నదా?” అని వ్రాస్తే, ఎంత సహృదయుడైన గ్రంథపాలకుడైనా “అట్టిది లేదు” అని జవాబిస్తాడు. “551, 627, 954 సంఖ్యలలో తొమ్మిదవ తరగతి పిల్లలకు అర్థమయ్యేవి ఏమున్నవి?” అని వ్రాస్తే మూడు అరలవద్దకు నడిచి చూచి చెప్పగలడు. చూడబోతే, అడిగే విధానం మారడంతోనే సగం పని జరిగింది. ఉన్నత పాఠశాలలోని మూడువందల పుస్తకాలకు వెన్నుమీద ఈ మూడంకెల సంఖ్య వేయడం ఇద్దరు విద్యార్థుల సాయంతో కొద్ది వారాలలో ముగించదగిన పని. దశాంశ బిందువు తరువాతి అంకెల జోలికి పోనవసరం లేదు.

పది బడుల లెక్క

కొండవీటి చుట్టుప్రక్కల పది ఉన్నత పాఠశాలలు ఉన్నవనుకొని ఒక లెక్క చేద్దాము. ఒక్కొక్క బడి ఏడాదికి ఇరవై పుస్తకాలు కొంటుంది. ఎవరికివారు కొంటే పదిచోట్లా అవే ఇరవై పుస్తకాలు చేరవచ్చును. ముందుగా మాట్లాడుకొని వేర్వేరు పుస్తకాలు కొని, ఒకరివి ఒకరికి ఎరువిచ్చుకుంటే పిల్లలకు రెండు వందల పుస్తకాలు అందుబాటులో ఉంటవి. ఖర్చు పెరగలేదు. అయితే నిఘంటువు, పటాల పుస్తకం వంటివి ప్రతి బడిలో ఉండవలసిందే. కనుక నిజమైన లాభం ఇంతకంటే కొంత తక్కువ.

పదిమంది ఉపాధ్యాయులలో ప్రతి ఒక్కరూ ప్రతి ఒక్కరితో సంబంధం పెట్టుకుంటే ఎన్ని జతలవుతవి? పదిని తొమ్మిదితో గుణించి రెండుతో భాగిస్తే 45. ఇన్ని స్నేహాలు నిలబెట్టుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. ఒక మనిషిని కేంద్రంగా పెట్టుకొని తక్కిన తొమ్మిదిమంది అతనితోనే మాట్లాడితే తొమ్మిది బంధాలు చాలును. ఇది సులభంగా కనిపిస్తుంది. సంఘాలు సాధారణంగా ఇలాగే నడుస్తవి. కాని ఆ మధ్య మనిషికి బదిలీ కాగానే తొమ్మిదిమందీ మళ్ళీ ఒంటరివారే. వలయంగా ఉంటే? ప్రతివాడూ కుడిప్రక్క వానితో, ఎడమప్రక్క వానితో సంబంధం పెట్టుకుంటాడు. బంధాలు పదే. ఒక్కటి తెగినా మరొకవైపునుంచి వార్త అందుతుంది. దోషం ఏమంటే, ఎదురుగా ఉన్నవానికి చేరేసరికి అయిదు చేతులు మారాలి. వలయానికి అడ్డంగా రెండు మూడు బంధాలు కలిపితే ఈ దూరం బాగా తగ్గుతుంది. కాగితంమీద పది చుక్కలు పెట్టి విద్యార్థులు దీనిని స్వయంగా పరీక్షించవచ్చును. టెలిఫోను తీగలు, విద్యుత్తు తీగలు, నేటి కంప్యూటరు జాలాలు వేసేవారు కూడా ఇదే లెక్క చూసుకుంటారు.

గీత గీసినంతమాత్రాన బంధం ఏర్పడదని కూడా చెప్పాలి. ఫోను నంబర్ల జాబితా సంఘం కాదు. ఒకసారైనా కలిసి కూర్చుని టీ త్రాగినవానికి ఫోను చేయడానికి మొగమాటం ఉండదు.

చట్టం ఇచ్చినది, ఇవ్వనిది

స్వతంత్రం వచ్చిన తరువాత 1948లో మద్రాసు పౌరగ్రంథాలయ చట్టం, 1955లో హైదరాబాదు చట్టం, రెండు ప్రాంతాలు కలిసినమీదట 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చినవి. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఇవ్వడం వీటిలో ప్రధానాంశం. చందాలతో నడిచిన గ్రంథాలయాలకు నిలకడైన ఆదాయం, గ్రంథపాలకునికి జీతం ఏర్పడినవి. ఉద్యమ నాయకులు దశాబ్దాలపాటు కోరినది ఇదే.

అయితే ఈ చట్టాలు ఉద్దేశించినది పౌరగ్రంథాలయాలను. బడులలో, కళాశాలలలో ఉన్న గ్రంథాలయాలు వాటి పరిధిలోకి రావు. పైగా ఏ ప్రభుత్వశాఖలోనైనా ఉత్తర్వులు పైనుంచి కిందికి, నివేదికలు కిందినుంచి పైకి నడుస్తవి. అడ్డంగా నడిచే మాటకు దారి ఎవరికివారు వేసుకోవలసిందే. జీతం ఏర్పడినచోట సంఘం అనవసరమని కొందరికి తోచడం సహజమే గాని, అది పొరపాటు.

కళాశాలలకు వస్తే, 1988లో ఢిల్లీ గ్రంథాలయాల మధ్య మొదలైన డెల్‌నెట్, 1991లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం మొదలుపెట్టిన ఇన్‌ఫ్లిబ్‌నెట్ దేశంలోని గ్రంథాలయాలను కంప్యూటర్ల ద్వారా కలుపుతున్నవి. ఏ విశ్వవిద్యాలయంలో ఏ పుస్తకం ఉన్నదో సంయుక్త సూచికలో నిమిషంలో తెలుస్తుంది. ఇంగ్లండులో 1916లో శ్రామిక విద్యార్థులకోసం ఒక కేంద్ర గ్రంథాలయాన్ని ఏర్పరచి, ఉత్తరాలద్వారా పుస్తకాలు ఎరువిప్పించే పద్ధతిని బాగా పెంచారు. ఆనాడు రోజులు పట్టిన వెతుకులాట ఇప్పుడు క్షణాల పని.

కాని మన మాస్టారు విశ్వవిద్యాలయ సభ్యుడు కాడు. సూచికలో పుస్తకం పేరు కనిపించినా ఆయన చేతికి రావడానికి మధ్య ఒక మనిషి కావాలి. నరసరావుపేటలోనో, చిలకలూరిపేటలోనో ఒక కళాశాల గ్రంథపాలకుడు తన ప్రాంగణం గోడ దాటి చుట్టుప్రక్కల బడులతో సంబంధం పెట్టుకుంటే ఆ మనిషి దొరికినట్లే. ఇటువంటివారు అక్కడక్కడా ఉన్నారు. వారి కష్టం వేరు. బయటివారికి చేసిన సేవ కళాశాల లెక్కలలో కనిపించదు. “మన పిల్లలకే చాలవు, వాళ్ళకెందుకు?” అని తోటివారు అడుగుతారు. బడిపిల్లలను పిలిచి పుస్తక ప్రదర్శన పెడితే ఆనాడు బస్సులు రాక నలుగురే రావచ్చును. కళాశాలలో ఇంకొక గ్రంథపాలకుడు ఉండడు గనుక ఈ అపజయాన్ని చెప్పుకోవడానికి ఎవరూ లేరు. చెప్పుకోలేకపోతే రెండవసారి ప్రయత్నించడు.

పది మైళ్ళ దూరంలో అదే పని చేస్తున్న మరొకడు, “మేమూ మొదట అలాగే చేశాము, పరీక్షల ముందు పెట్టవద్దు, సంతరోజున పెట్టవద్దు” అని చెప్పగలిగితే ఆ మాట విలువ ఎంతైనా ఉంటుంది. ఇట్టివారు ఆరేడుగురు రెండు నెలలకొకసారి, ప్రతిసారి వేరొక ఊరిలో కలవడం మంచిది. ఊరు మారితే సాటివాని బీరువాలను కళ్ళారా చూడవచ్చును. పూర్వపు గ్రంథాలయ యాత్రలో జరిగినది అదే. చేసినవానితోపాటు చెడిపోయినవాటిని కూడా చెప్పుకోవాలి. జరిగిన సంగతులను ఒక నోటుపుస్తకంలో వ్రాసి, సమావేశకర్తను ఏటా మార్చి, ఆ పుస్తకాన్ని కొత్తవానికి అప్పగించాలి. కొత్తగా చేరినవానికి పాతవాని నొకనిని తోడుగా చూపాలి. ఉపన్యాసాలు లేకపోయినా లోటు లేదు.

ఈ ఏర్పాటు ఉన్నదనుకొని మళ్ళీ ఆ ప్రశ్నవద్దకు వద్దాము. మాస్టారు మూడు సంఖ్యలతో కార్డు వ్రాస్తాడు, లేదా ఫోను చేస్తాడు. కళాశాల గ్రంథపాలకుడు రెండు పుస్తకాలు తీసి, మూడవదానికి మరొక కళాశాలకు చెబుతాడు. ఆ దారిన వచ్చే ఉపాధ్యాయుని సంచిలో పుస్తకాలు బడికి చేరుతవి. పగుళ్ళులేని గట్టిరాతిమీద నీరు ఇంకడం చాలా తక్కువ అనీ, వాననీటితో కొట్టుకువచ్చిన సన్నని ఒండ్రు అడుగున పేరుకొని ఉన్న పగుళ్ళను కూడా పూడ్చగలదనీ విద్యార్థిని చదువుతుంది. ఒక హెక్టారు నేలమీద ఒక సెంటీమీటరు వాన పడితే లక్ష లీటర్ల నీరవుతుందని లెక్క చేస్తుంది. రాతిమీద పడిన వానలో ఎక్కువ భాగం ఇంకకుండా జారి చెరువును చేరుతుంది. పోయేది ముఖ్యంగా ఎండకు ఆవిరై పోతుంది. ఒక చెరువు నిండితే అలుగు నీరు రెండవదానికి పోతుందా అన్న కొత్త సందేహం పుట్టి, వానాకాలంలో మళ్ళీ కొండ ఎక్కి చూడాలంటుంది.

మాస్టారు ఈ ప్రశ్నను, పుస్తకాల పేర్లను, పనికివచ్చిన పుటల సంఖ్యలను నోటుపుస్తకానికి వ్రాసి పంపుతాడు. తరువాతి సమావేశంలో అది చదివినపుడు, బెల్లంకొండ దుర్గం పాదాన పనిచేసే టీచరు తనకూ ఆ పుస్తకాలు కావాలనవచ్చును. అప్పుడు అవి తిరిగి కళాశాలకు పోనక్కరలేదు. గడువు తేదీ మార్చి నేరుగా బెల్లంకొండకు పంపి, కళాశాలకు ఒక కార్డు వ్రాస్తే చాలును.